చికిత్సకు అయిదు లక్షలు, దారికి సున్నా

వంద రూపాయలు. 2008 ఏప్రిల్‌లో మొదలైన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కింద, ఆసుపత్రిలో చేరిన పేద రోగికి దారి ఖర్చుల కోసం ఇవ్వవలసిన మొత్తం అది. ఏడాదికి వెయ్యి దాటకూడదన్న పరిమితి కూడా ఉండేది. కుటుంబానికి 30,000 రూపాయల బీమా మాత్రమే ఇచ్చిన ఆ పథకం మీద విమర్శలకు కొదవ లేదు. అయినా పేదవాడు ఆసుపత్రికి రావాలంటే ఎవరో ఒకరికి ఛార్జీ చెల్లించాలన్న చిన్న సత్యాన్ని అది గుర్తించింది. పదేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరు 23న, రాంచీలో ప్రధాని నరేంద్ర మోదీ ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ఆరంభించారు. 30,000 కాస్తా 5 లక్షలైంది. ఆ వంద రూపాయలు మాత్రం కేంద్ర పథకంలోంచి మాయమయ్యాయి. పార్లమెంటులో గానీ, టీవీ చర్చల్లో గానీ వాటి కోసం కన్నీరు కార్చినవారు కనిపించరు.

ఇది గుమాస్తా పొరపాటు అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే ఈ ప్రభుత్వానికి విషయం తెలుసు; తెలుసునని సభాముఖంగా చెప్పుకుంది. 2016 ఫిబ్రవరి 29న బడ్జెట్ ప్రవేశపెడుతూ నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించారు. ఏటా సుమారు 2.2 లక్షల మంది మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగుల జాబితాలో చేరుతున్నారని, ఒక్కో డయాలసిస్‌కు 2,000 రూపాయల చొప్పున ఏడాదికి 3 లక్షలకు పైగా ఖర్చవుతోందని ఆయన లెక్క చెప్పారు. అక్కడితో ఆగలేదు. కుటుంబాలు తరచుగా దూరాభారం ప్రయాణించవలసి వస్తోందని, దానివల్ల రవాణా ఖర్చుతో పాటు కూలి కూడా పోతోందని అదే ప్రసంగంలో ఒప్పుకున్నారు. రోగ నిర్ధారణ సరిగ్గానే జరిగింది. మందు చీటీ రాసేటప్పుడు మాత్రం సగమే రాశారు. జిల్లా ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు వచ్చాయి, కొన్ని పరికరాల మీద పన్నులు తగ్గాయి. ఆ యంత్రం దాకా మనిషి ఎలా రావాలన్నది మాత్రం ఆయన పెరట్లో వ్యవహారంగా మిగిలిపోయింది.

డయాలసిస్ అంటే ఒక్కసారి జరిగే ఆపరేషన్ కాదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, బతికినంతకాలం. ఏడాదికి 156 సార్లు ఇల్లు వదిలి, 156 సార్లు ఇల్లు చేరడం. మన దేశంలో చాలామంది రెండుసార్లతోనే సరిపెట్టుకుంటారు, అప్పటికీ 104. ఒంటరిగా వెళ్లే పని కాదు కనుక పక్కన భార్యో, కొడుకో, కూతురో ఉండాలి. ఊరి నుంచి రోడ్డు దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి బస్సు, బస్టాండు నుంచి మళ్లీ ఆటో. ఇద్దరికీ రానుపోను 200 రూపాయలే అనుకున్నా 156 సార్లకు 31,200. తోడు వెళ్లినవారు పోగొట్టుకున్న కూలి ఇందులో కలపలేదు. డయాలసిస్ ముగిశాక రక్తపోటు పడిపోయి, కళ్లు తిరుగుతున్న మనిషి కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో నిలబడి ఇంటికి వెళ్లడానికి ఏ పద్దులో లెక్క కడతారు?

లెక్క కట్టరు. జాతీయ నమూనా సర్వే సంస్థ 2017-18లో జరిపిన ఆరోగ్య సర్వేలో డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, పడక అద్దె వంటివి ‘వైద్య వ్యయం’. రోగి ప్రయాణం, వెంట వచ్చినవారి ప్రయాణం, తిండి, బస ‘ఇతర వ్యయం’. గణాంక శాస్త్రానికి ఆ విభజనతో అవసరం ఉండవచ్చు. కానీ రాజకీయం ఆ గీతను పట్టుకుని వేలాడుతోంది. గీతకు ఇవతల ఉన్నది ప్రభుత్వ బాధ్యత, అవతల ఉన్నది రోగి ఖర్మ. ‘ఉచిత వైద్యం’ అన్న ఫ్లెక్సీ గీతకు ఇవతలే కడతారు.

ఇంతకూ ప్రయాణం చికిత్సలో భాగమని ఈ రాజ్యానికి తెలియదా? బ్రిటిష్ కాలం నుంచీ తెలుసు. 1944 నాటి కేంద్ర సర్వీసుల వైద్య సేవా నిబంధనలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. నిర్ణీత దూరానికి మించి వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన ప్రభుత్వోద్యోగికి ప్రయాణ భత్యం ఇవ్వాలని అవి చెబుతాయి. రోగి ఒంటరిగా వెళ్లలేని స్థితిలో ఉంటే తోడు వెళ్లేవారికీ ఇవ్వవచ్చు. అది న్యాయమైన నిబంధన, దాన్ని తప్పుపట్టనక్కర లేదు. అడగవలసినది ఒక్కటే. నెలజీతం ఉన్న గుమాస్తా జబ్బుపడితే ప్రయాణం చికిత్సలో భాగం అవుతుంది. అదే జబ్బు వ్యవసాయ కూలీకి వస్తే ఎందుకు కాదు? కారులో వెళ్లగలిగినవాడికి భత్యం, బస్సు ఎక్కలేనివాడికి ప్రసంగం. ఎనిమిది దశాబ్దాలుగా నడుస్తున్న ఈ రెండు కొలమానాలను ఏ పార్టీ ప్రభుత్వమూ కదిలించలేదు. నెహ్రూ నుంచి మోదీ దాకా అందరూ ఈ విషయంలో ఏకగ్రీవమే.

ఆంబులెన్సులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. ఆ విషయంలో తెలుగు నేల గర్వించడానికి కారణముంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా మొదలైన 108 సేవ దేశానికే నమూనా అయింది. దాన్ని స్థాపించిన సత్యం రామలింగరాజు కంపెనీ 2009 జనవరిలో కుప్పకూలినా, సేవ చేతులు మారి బతికింది. రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఆ నంబరును అందిపుచ్చుకుంది. 2016లో భారత ప్రభుత్వ గ్రాంటుతో శ్రీలంకలో ‘సువ సెరియ’ పేరిట మొదలైన 1990 ఆంబులెన్సు సేవ కూడా హైదరాబాదు అనుభవం నుంచి పుట్టినదే. గుండెపోటు వచ్చినవాడిని, రోడ్డు ప్రమాదంలో నెత్తురు కారుతున్నవాడిని ఈ బండ్లు బతికిస్తున్నాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

కానీ 108 అత్యవసరానికి. వచ్చే మంగళవారం పదిగంటలకు కీమోథెరపీ ఉన్నదని ఫోన్ చేస్తే ఆ బండి రాదు, రాకూడదు కూడా. రాజకీయ నాయకత్వం ఈ తేడాను తెలివిగా వాడుకుంది. అత్యవసర వాహనానికి సైరన్ ఉంటుంది, రంగు ఉంటుంది, మీద ముఖ్యమంత్రి బొమ్మ అతికించేందుకు చోటుంటుంది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి 1,088 వాహనాలకు ఒకేసారి పచ్చజెండా ఊపిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ తరహా వేడుక ప్రతి రాష్ట్రంలో, ప్రతి పార్టీ హయాంలో జరుగుతూనే ఉంది. సోమవారం, బుధవారం, శుక్రవారం పొద్దున్నే ఒక రోగి చేతిలో పెట్టే రెండు వందల రూపాయలకు ఏ జెండా ఊపుతారు? డ్రోన్ కెమెరా దేన్ని తీస్తుంది? ఫోటోకు లొంగని సేవ బడ్జెట్‌కూ లొంగదు.

పైగా ఇందులో ఒక పాడు లెక్క ఉంది. ఛార్జీకి డబ్బుల్లేక ఈ వారం డయాలసిస్ ఒకటి ఎగ్గొట్టిన రోగికి ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, ఊపిరి ఆడదు. అర్ధరాత్రి ఇంటివాళ్లు 108కి ఫోన్ చేస్తారు. ఈసారి బండి వస్తుంది, ఉచితంగానే. ఐసీయూలో పడక దొరుకుతుంది, కార్డు మీద ప్యాకేజీ మంజూరవుతుంది, ఆసుపత్రికి వేలల్లో చెల్లింపు జరుగుతుంది. బస్సు ఛార్జీ ఇవ్వని ప్రభుత్వం ఐసీయూ బిల్లు కడుతుంది. దీన్ని పొదుపు అని ఏ ఆర్థిక శాఖ కార్యదర్శి వాదించగలడు?

గర్భిణుల విషయంలో ఇదే రాజ్యం వేరుగా ప్రవర్తించింది. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి, కాన్పు తర్వాత తిరిగి ఇంటికి ఉచిత రవాణాను హక్కుగా ప్రకటించింది. తిరిగి ఇంటికి అన్న మాట గమనించదగ్గది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, తెలంగాణలో అమ్మఒడి వాహనాలు ఆ హక్కు నుంచి వచ్చినవే. ఆ బండి సమయానికి వచ్చిందా లేదా అన్నది వేరే పోరాటం. కనీసం రాకపోతే నిలదీయడానికి ఒక కాగితం ఉంది. పొరుగున నేపాల్ 2005లోనే ఇంకొంచెం ముందుకు ఆలోచించింది. ఆసుపత్రిలో కాన్పుకు వచ్చే తల్లికి ప్రయాణ సహాయాన్ని భూభాగాన్ని బట్టి నిర్ణయించింది: తరాయి మైదానంలో 500, కొండల్లో 1,000, ఎత్తయిన పర్వత జిల్లాల్లో 1,500 నేపాలీ రూపాయలు. దూరం అందరికీ ఒకటి కాదన్న ఇంగితం మనకంటే పేద దేశానికి ఉంది.

మన దగ్గర ఆ ఇంగితం క్షయ రోగుల విషయంలో ఒకసారి తొంగిచూసి వెనక్కి వెళ్లిపోయింది. నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాల్లో క్షయ రోగికి ప్రయాణ సహాయం 750 రూపాయలు. నెలనెలా కాదు, ఒక్కసారి. చికిత్స కనీసం ఆరు నెలలు. పోషకాహారం కోసం ఇచ్చే 500ను 2024 నవంబరులో నెలకు 1,000 చేశారు, మంచిదే. పాడేరు, సీతంపేట మన్యాల్లో నేటికీ రోగిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్నాయి. అక్కడ 750 రూపాయలంటే ఒకటి రెండుసార్లు జీపు మాట్లాడుకునే డబ్బు. డోలీ ఫోటో పత్రికల్లో వచ్చినప్పుడల్లా రోడ్డు మంజూరు ప్రకటన వెలువడుతుంది. రోడ్లు రావలసిందే. రోడ్డు పడ్డాక దాని మీద ఏ బండి, ఎవరి డబ్బుతో నడుస్తుందన్న ప్రశ్న మాత్రం ఆ ప్రకటనలో ఉండదు.

రాష్ట్రాలు ఏమీ చేయలేదనడం సరికాదు. చేసినవన్నీ అతుకులే. ఉద్దానం కథ ఇందుకు చాలు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం ఇదమిత్థంగా తేలని మూత్రపిండ వ్యాధి ఎన్నో ఇళ్లను ఖాళీ చేసింది. చాలాకాలం అక్కడి రోగులకు డయాలసిస్ అంటే విశాఖపట్నం, అంటే ఇంచుమించు 200 కిలోమీటర్లు. జనం గొడవ చేయగా చేయగా సోంపేట, పలాసల్లో కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను జగన్ ప్రభుత్వం మొదలుపెట్టింది, చంద్రబాబు ప్రభుత్వం కొనసాగిస్తోంది. ఈ దేశంలో దారి ఖర్చుకు దగ్గరగా వచ్చిన ఏర్పాట్లలో ఇది మెరుగైనదని ఒప్పుకోవాలి. కానీ అది పింఛను. అందులోనే తిండి, అందులోనే బయట కొనే మందులు, అందులోనే పిల్లల చదువు. ఇక క్యాన్సర్ రోగికి, రేడియేషన్ కోసం ఆరు వారాలు వరుసగా నగరానికి తిరగవలసినవారికి ఆ లెక్క వర్తించదు.

తెలంగాణలో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను 2,016 రూపాయలు, ఆర్టీసీ పాసు. పాసు విలువ బస్సు వచ్చే ఊళ్లో ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. దానివల్ల ఎంతమంది రోగులు నిశ్శబ్దంగా లాభపడ్డారో ఊహించుకోవచ్చు. ఆ పథకాన్ని ఎగతాళి చేసే నగర మేధావులకు ఈ కోణం తట్టలేదు. అయితే జబ్బుపడిన మగవాడు టికెట్ కొనాలి, ఆటో దగ్గర అందరూ కొనాలి. రైల్వేలు ఇంకా నయం. క్యాన్సర్ రోగికి స్లీపర్ తరగతిలో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం. 2020 మార్చిలో వృద్ధుల రాయితీతో సహా చాలావాటిని ఊడ్చేసినప్పుడు కూడా రోగుల రాయితీలను మిగిల్చారు. పంజాబ్ మాల్వా పత్తి జిల్లాల నుంచి రాజస్థాన్‌లోని బికనేర్ ఆసుపత్రికి రోగులను మోసుకెళ్లిన ప్యాసింజరు రైలుకు జనం ‘క్యాన్సర్ రైలు’ అని పేరు పెట్టారు. ఒక రైలుకు రోగం పేరు రావడం ఆ ప్రాంత పాలకులకు అవమానంగా తోచడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, వినడానికి బాగుండేది: రోగిని ఆసుపత్రికి మోయడం కాదు, ఆసుపత్రినే రోగి దగ్గరికి తేవాలి. నూటికి నూరు పాళ్లు నిజం, సాధ్యమైన చోట. కేరళ 2008లోనే ఉపశమన వైద్య విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపింది. తమిళనాడు 2021 ఆగస్టులో ‘మక్కళై తేడి మరుత్తువం’ పేరిట బీపీ, షుగరు మాత్రలను, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్‌కు కావలసిన సంచులను గడప దగ్గరికి చేరుస్తోంది. మన 104 వాహనాల ఆలోచనా అదే. కానీ రేడియేషన్ యంత్రం గడపకు రాదు, హిమోడయాలసిస్ యంత్రం ప్రతి ఊళ్లోనూ ఉండదు. రాలేనివాటి దగ్గరికి మనిషే వెళ్లాలి. ‘దగ్గరికి తెస్తాం’ అన్న హామీ నెరవేరేదాకా దారి ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు అది జవాబు కాదు, వాయిదా.

రెండోది దుర్వినియోగం. దొంగ బిల్లులు పెడతారట. ఆసుపత్రులు చేయని ఆపరేషన్లకు బిల్లులు పెట్టినప్పుడు పథకాన్ని ఎత్తేయలేదు, ఆసుపత్రులను జాబితాలోంచి తీసేశారు. రెండు వందల రూపాయల దగ్గరికి వచ్చేసరికి పేదవాడు ముందుగానే దొంగ. నిజానికి ఇంతకంటే సులువుగా సరిచూడగల ఖర్చు లేదు. కార్డు మీద జరిగే ప్రతి డయాలసిస్, ప్రతి కీమో నమోదవుతుంది. ఆ నమోదే ప్రయాణానికి రుజువు. వైద్యం జరిగిందంటే మనిషి వచ్చినట్టే కదా.

మూడోది డబ్బు. పైన వేసిన లెక్క ప్రకారం వారానికి మూడుసార్లు వచ్చే రోగికి ఏడాది ప్రయాణం 31,200. అయిదు లక్షల పరిమితిలో దాదాపు పదహారో వంతు. కొత్త బీమా అక్కర్లేదు, ఉన్న పరిమితిలోంచే చెల్లించవచ్చు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ కార్డు ఇస్తున్నారు. ఇంటి మెట్లు దిగడానికే మరొకరి భుజం కావలసిన వయసు అది. అలాంటివారికి 5 లక్షల కార్డు చేతికిచ్చి, ఆసుపత్రికి ఎలా వెళ్తారో మీరే చూసుకోండి అనడం ఏ తరహా ఔదార్యం? అమెరికాలో పేదలకు వైద్యం అందించే మెడికెయిడ్ కింద అత్యవసరం కాని ప్రయాణాలకు కూడా రవాణా ఏర్పాటు చేయడం రాష్ట్రాల బాధ్యత. వైద్యాన్ని అంగడి సరుకు చేసిందని మనం తిట్టిపోసే దేశం సంగతి ఇది. బ్రిటన్‌లో తక్కువ ఆదాయం ఉన్నవారు ఆసుపత్రి ప్రయాణ ఖర్చును తిరిగి పొందవచ్చు.

కోర్టులు కూడా సగం దూరమే వచ్చాయి. 1996లో పశ్చిమబంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కూలీని కలకత్తా ప్రభుత్వ ఆసుపత్రులు ఒకటి తర్వాత ఒకటి తిప్పి పంపడాన్ని సుప్రీంకోర్టు 21వ అధికరణ ఉల్లంఘనగా తేల్చింది. రోగులను తరలించేందుకు ఆంబులెన్సుల ఏర్పాటు గురించీ చెప్పింది. అదంతా అత్యవసర వైద్యం సందర్భం. నెమ్మదిగా చంపే జబ్బుకు 21వ అధికరణ వర్తించదని ఎవరూ తీర్పు చెప్పలేదు. వర్తింపజేయమని అడిగినవాళ్లూ తక్కువే.

అడగడానికి తెలుగు రాష్ట్రాల్లో ఇంకో ఆధారం కూడా ఉంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ప్యాకేజీ అంటే ఏమిటో నిర్వచించుకుంది. సంప్రదింపు, మందులు, పరీక్షలు, రోగి భోజనంతో పాటు రవాణా ఖర్చును కూడా అందులో చేర్చింది. అంటే ఆసుపత్రికి ప్రభుత్వం చెల్లించే సొమ్ములో రోగి బస్సు ఛార్జీ ముందే కలిసి ఉండాలి. ఆ తర్వాత ఈ పథకానికి పేర్లు మారాయి, బొమ్మలు మారాయి, పరిమితులు పెరిగాయి. ఆ పద్దు కింద ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరం, ఎంతమంది రోగుల చేతిలో ఎంత పెట్టిందన్న లెక్కను రెండు అసెంబ్లీల్లోనూ ప్రశ్నోత్తరాల సమయంలో రాబట్టాలి. ప్రతిపక్షంలో ఉన్నవారికి తీరిక లేకపోతే అధికార పక్షం ఎమ్మెల్యేలైనా సరే అడగవచ్చు. వాళ్ల ఇంటి ముందు ‘సార్, ఆసుపత్రికి వెళ్లాలి’ అని పొద్దున్నే నిలబడేవాళ్లలో సగం మంది వచ్చేది ఆ ఛార్జీ కోసమే.